కాలిన గాయానికి తెల్ల మలాము: ఎప్పుడు, ఎలా?



మన ఇళ్ళలో అద్దం వెనకాలో, బీరువా పై అరలోనో ఒక మలాము ట్యూబు పడి ఉంటుంది. ఎప్పుడో ఎవరికో చెయ్యి కాలితే డాక్టరుగారు రాసిచ్చినది. సగం వాడి, మిగిలింది "ఎందుకైనా మంచిది" అని దాచిపెట్టుకుంటాం. తెల్లగా, వెన్నలా ఉంటుంది. దాని అసలు పేరు సిల్వర్ సల్ఫాడయజీన్. కొట్లో సిల్వరెక్స్ వంటి పేర్లతో అమ్ముతారు. పసుప్పచ్చగా ఉండే బర్నాల్ ఇది కాదండి. అది వేరే మందు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు కనుక ముందే చెబుతున్నాను. ఈ పూట మనం ముచ్చటించుకోబోయేది ఆ తెల్ల మలాము గురించి. దాన్ని ఎప్పుడు పూయాలి, ఎలా పూయాలి, ఎవరికి పూయకూడదు అన్న సంగతులు.

ఈ మందులో రెండు సరుకులున్నాయి. ఒకటి వెండి. రెండోది సల్ఫా జాతి మందు. నూటికి ఒక వంతు మందు, మిగతాది మలాము. కాలిన గాయం మీద చర్మం అనే గోడ కూలిపోయి ఉంటుంది. సూక్ష్మజీవులకు అది తలుపుల్లేని ఇల్లు. పైగా కాలి చచ్చిన కండకు రక్తం అందదు గనుక, నోటితో మింగిన మందు అక్కడిదాకా సరిగా చేరదు. అందుకే పైపూత అవసరమైంది. 1965 ప్రాంతంలో అమెరికాలో మోయర్ అనే వైద్యుడు సిల్వర్ నైట్రేట్ ద్రావణంతో గాయాల్ని తడిపి మంచి ఫలితాలు చూపించారు. అయితే అది తగిలిన ప్రతిదీ, పక్కబట్టలూ నేలా సహా, నల్లబడేది. 1968లో చార్లెస్ ఫాక్స్ అనే ఆయన వెండినీ, సల్ఫానీ జతచేసి ఈ మలామును ప్రవేశపెట్టారు. కాలిన గాయాల్లో పచ్చటి చీము, ఒక రకం వాసన తెచ్చే సూడోమొనాస్ అనే మొండి సూక్ష్మజీవిని అదుపులో పెట్టడానికి అది బాగా పనికొచ్చింది. అప్పటినుంచి దేశదేశాల ఆసుపత్రుల్లో ఇది వాడుకలో ఉంది.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఇది ప్రథమ చికిత్స మందు కాదు. కాలిన మరుక్షణం పరుగెత్తి తెచ్చి పులమవలసింది కాదు. ఇది సూక్ష్మజీవుల్ని అడ్డుకుంటుంది గాని, వేడిని తీయదు. చెయ్యి మంటలోంచి బయటికి వచ్చినా, ఆ వేడి లోపలి పొరల్ని ఇంకా ఉడికిస్తూనే ఉంటుంది. పొయ్యి ఆర్పినా అన్నం మగ్గుతూ ఉండదూ? అలాగన్నమాట. ఆ వేడిని తీసేది నీళ్ళే. మామూలు చల్లటి నీళ్ళు, కుళాయి కింద ధారగా, 20 నిమిషాలు. గడియారం చూసుకుని 20 నిమిషాలండి. రెండు చెంబులు పోసి "చల్లారింది" అనుకుంటే చాలదు. మన సరిహద్దు జిల్లాల్లో చాలా ఊళ్ళలో కుళాయి రోజూ రాదని నాకూ తెలుసు. ఒక బక్కెట్టు శుభ్రమైన నీళ్ళు, ఒక మగ్గు చాలు. కింద ఒక పళ్ళెం పెట్టి, సన్నటి ధారగా మళ్ళీ మళ్ళీ పోయవచ్చు. వెంటనే కుదరకపోతే, కాలిన 3 గంటల లోపల ఎప్పుడు పోసినా ప్రయోజనం ఉంటుంది. ఐసు మాత్రం పెట్టకండి. దానివల్ల రక్తనాళాలు ముడుచుకుని దెబ్బ ఇంకా లోతుకు పోతుంది. పసిపిల్లలకు నీళ్ళు పోసేటప్పుడు కాలిన భాగం మీదే పోస్తూ, మిగతా ఒంటిని పొడి గుడ్డతో కప్పి వెచ్చగా ఉంచాలి. ఒళ్ళు వాయకముందే ఉంగరాలు, గాజులు, కడియాలు, మెట్టెలు, మొలతాడు తీసెయ్యాలి. వాచిన తర్వాత తీయాలంటే కత్తిరించవలసి వస్తుంది.

బెల్లం వండే చోట ఒక జాగ్రత్త. పాకం చర్మానికి అంటుకుని ఉండిపోతుంది. దాన్ని పెరికితే చర్మం కూడా వస్తుంది. పెరకకుండా అలాగే నీళ్ళు పోస్తూ ఉంటే పాకం తనే కరుగుతుంది. కాలి అతుక్కుపోయిన చీరముక్కైనా అంతే, లాగకూడదు.

ఇక మనవాళ్ళు కాలగానే పూసే వాటి జాబితా చెప్పాలంటే ఈ ప్రసంగం చాలదు. దోసెపిండి, టూత్‌పేస్టు, సిరా, కాఫీపొడి, కొబ్బరినూనె, కోడిగుడ్డు తెల్లసొన, పసుపు, కొన్ని చోట్ల పేడ. దోసెపిండి చల్లగా ఉంటుంది, నిజమే. కానీ అది పులిసేదే సూక్ష్మజీవుల వల్ల గదా! వాటిని తెరిచిన పుండులోకి మనమే చేతులారా పంపిస్తున్నాం. సిరా పూస్తే రంగు అంటుకుని గాయం లోతు ఎంతో డాక్టరుకు తెలియదు. సరిగ్గా ఈ కారణంతోనే మన తెల్ల మలామును కూడా ఆసుపత్రికి వెళ్ళేముందు పూయవద్దంటారు. తెల్లగా పులిమిన గాయంలో ఎర్రదనం ఎంత, తెల్లబడింది ఎంత, పొక్కులు ఎక్కడున్నాయి అన్నది కనిపించదు. ముందు దాన్నంతా కడగాలి. ఆ కడగటంలో బిడ్డకు పడే బాధ మనం తెచ్చిపెట్టినదే. నీళ్ళు పోశాక, ఉతికి ఎండలో ఆరేసిన పలచటి నూలుగుడ్డ వదులుగా కప్పి తీసుకువెళ్ళండి. అంతే. పొక్కులు చిదపవద్దు.

ఎవర్ని తీసుకువెళ్ళాలి, ఎవర్ని ఇంట్లో చూసుకోవచ్చు? గాయపడ్డ మనిషి అరచెయ్యి, వేళ్ళతో సహా, వాళ్ళ ఒంటిలో దాదాపు నూటికి ఒక వంతు. పిల్లవాడికైతే పిల్లవాడి అరచేయే కొలత, మనది కాదు. పిల్లల్లో 10 అరచేతులు, పెద్దల్లో 15 అరచేతులు మించి కాలితే ఒంట్లో నీరు ప్రమాదకరంగా తగ్గిపోతుంది. వెంటనే సెలైను ఎక్కించాలి. అటువంటప్పుడు మలాము మాట ఎత్తకుండా 108కి ఫోను చేయండి. మొహం, చేతులు, పాదాలు, కీళ్ళు, మర్మావయవాలు కాలితే, కరెంటు వల్లో ఆసిడ్ వల్లో కాలితే, మూసిన గదిలో పొగ పీల్చి ఉంటే, గాయం చిన్నదైనా సరే, ఆసుపత్రికే. కాలినచోట తెల్లగా, తోలులా గట్టిపడి, నొప్పి లేకుండా ఉంటే "నొప్పి లేదు, ఫరవాలేదు" అనుకోకండి. అక్కడ నరాలే కాలిపోయాయి, అందుకని నొప్పి లేదు. బెంగళూరు విక్టోరియా ఆసుపత్రిలోనూ, చెన్నై కీల్పాక్ ఆసుపత్రిలోనూ కాలినవారికి ప్రత్యేక విభాగాలున్నాయి. దగ్గరి సర్కారు ఆసుపత్రిలో చూపిస్తే, అవసరమైతే వాళ్ళే పంపుతారు. ధనుర్వాతం సూది సంగతి కూడా అక్కడే అడగండి.

సరే, డాక్టరుగారు చూశారు, కడిగారు, ఈ మలాము రాసిచ్చి ఇంటికి పంపారు అనుకుందాం. ఇక్కడ మన సరిహద్దువాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. ఆంధ్రలో ఉన్నవాళ్ళకు అది తట్టదు.

మా కోలారు జిల్లాలో నాకు తెలిసిన ఒక కుటుంబంలో మూడేళ్ళ పాప మీద నీళ్ళ హండె ఒలికి ముంజేయి, వేళ్ళు కాలాయి. ఆసుపత్రిలో కట్టు కట్టి, మలాము ఇచ్చి, కన్నడంలో చెప్పి పంపారు. తల్లి కూలిపనికి పోవాలి. పాపను చూసుకోవడానికి పలమనేరు వైపునుంచి అమ్మమ్మ వచ్చింది. ఆమెకు కన్నడం రాదు. చీటీ మీద ఉన్నది ఇది: "దినక్కె ఎరడు సల తొళెదు హచ్చి." అంటే రోజుకు రెండుసార్లు కడిగి పూయండి అని. వెళ్ళేముందు తల్లి హడావిడిగా "రెండుసార్లు పూయాలంట" అని చెప్పింది. "తొళెదు" అన్న ఆ ఒక్క మాట, కడిగి అన్నది, దారిలో జారిపోయింది. అమ్మమ్మ రోజుకు రెండుసార్లు, ఎంతో శ్రద్ధగా, పాత పూత మీదే కొత్త పూత పూసింది. నాలుగు రోజులు. అయిదోరోజున జ్వరం, వాసన. ఆసుపత్రిలో రెండు భాషల మనిషి కావాలంటే నన్ను పిలిచారు. "ఒక్కపూట కూడా మానలేదు సారూ, నిద్రలో కూడా పూసినాను" అంటూ ఆ అవ్వ నా చెయ్యి పట్టుకుంది. ఆమె మాట నిజం. మానలేదు. పాపకు చివరికి తొడనుంచి చర్మం తీసి వేళ్ళమీద అతికారు. ఇప్పుడు బడికొస్తోంది. చిటికెనవేలు పూర్తిగా చాచలేదు గాని, బలపం పట్టుకుంటుంది.

అందుకని ఆ రెండు మాటల్ని మన చుట్టుపక్కల భాషలన్నింటిలో ఒకసారి వినండి. కన్నడంలో "తొళెదు హచ్చి". హోసూరు, కృష్ణగిరి వైపు తమిళంలో "కళువి తడవుంగ". తడవ అంటే మనకు సారి, మారు. వాళ్ళకు తడవటం అంటే పూయటం. బరంపురం, పర్లాకిమిడి వైపు ఒడియాలో "ధోయి లగాంతు". షోలాపూరు, నాందేడు వైపు మరాఠీలో "ధువూన్ లావా". ఈ లావా అంటే పూయండి అనేగాని, లావుగా పూయమని కాదు! నాలుగు భాషల్లోనూ మొదటి మాట కడగటమే. యానాంలో డాక్టరుగారితో మాట తెలుగులోనే నడుస్తుంది గనుక ఈ చిక్కు ఉండదు. కానీ ట్యూబు మీది అక్షరాలు అక్కడా ఇంగ్లీషే. చీటీ ఏ భాషలో ఉన్నా, ఇంట్లో కట్టు కట్టే మనిషి ఎవరో ఆ మనిషే ఆసుపత్రిలో ఒకసారి చూసి రావాలి. కుదరకపోతే బడిపిల్లవాడితో చీటీని తెలుగు అక్షరాల్లో రాయించుకుని గోడకు అతికించుకోండి.

ఎందుకు కడగాలి? ఈ మలాము గాయంలోంచి ఊరే నీరుతో కలిసి కొన్ని గంటల్లో బలం కోల్పోతుంది. పసుప్పచ్చ తెలుపులో ఒక మెత్తటి పొరలా పేరుకుంటుంది. దాన్ని చూసి చీము పట్టిందని కొందరు భయపడతారు. అది చీము కాదు. మందూ, ఊటా కలిసిన తెట్టు. కానీ దాన్ని తీయకుండా దానిమీదే కొత్తది పూస్తే, కొత్త మందు గాయానికి తగలదు. తెట్టు కింద సూక్ష్మజీవులు హాయిగా కాపురం పెడతాయి.

పూసే పద్ధతి ఇదీ. డాక్టరు నొప్పి మాత్ర రాసి ఉంటే కట్టు మార్చడానికి ఒక అరగంట ముందు వేయండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. గోళ్ళ సందుల్లో కూడా. కాచి చల్లార్చిన నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. కట్టు అంటుకుపోయి ఉంటే ఆ నీళ్ళతో నానబెట్టి తీయండి, చర్రున లాగకండి. శుభ్రమైన మెత్తటి గాజుగుడ్డతో పాత పూతను నెమ్మదిగా తుడుస్తూ కడగండి. రానిది ఏదైనా గట్టిగా పట్టుకుని ఉంటే గీకవద్దు, అది ఆసుపత్రిలో చూపించండి. అద్దిన తర్వాత చేతొడుగు వేసుకునో, ఉడకబెట్టి చల్లార్చిన చెంచాతోనో మందు తీసుకోండి. డబ్బాలో వేలు పెట్టడం, పుండుకు తగిలిన వేలు మళ్ళీ డబ్బాలో పెట్టడం, ఇవి రెండూ కూడదు. మందం ఒక రూపాయి బిళ్ళంత ఉంటే చాలు. గాయం కనబడకుండా కప్పాలి, గోడకు సున్నం కొట్టినట్టు దట్టించనక్కరలేదు. పైన గాజుగుడ్డ, ఆపైన వదులుగా కట్టు. వేళ్ళు కాలితే ఒక్కొక్క వేలికి విడివిడిగా కట్టాలి. అన్నీ కలిపి కడితే ఒకదానికొకటి అతుక్కుని మానతాయి. రోజుకు ఒకసారా రెండుసార్లా అన్నది డాక్టరు చెప్పినట్టు. మధ్యలో పూత చెదిరిపోయి గాయం బయటపడితే మళ్ళీ పూయాలి. ఒక ట్యూబు ఒక మనిషికే. వెండి ఉంది గనుక వెలుతురుకు ఇది నల్లబడుతుంది. రంగు మారిన మలామును వాడకండి. పక్కబట్టలకు మరకలు అవుతాయి, పాత దుప్పటి పరచుకోండి.

ఇప్పుడు ఎవరికి పూయకూడదో చెబుతాను. ఇది తెలియక వచ్చే ప్రమాదం చిన్నది కాదు. సల్ఫా మందులు పడనివాళ్ళు మొదట. ఎప్పుడైనా సెప్ట్రాన్ వంటి మాత్రలు వేసుకుని ఒంటినిండా దద్దుర్లు, నోట్లో పుళ్ళు వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి. ఆయన అడగడం మరచిపోవచ్చు. రెండు నెలలు నిండని పసికందులకు, నెలలు నిండుతున్న గర్భిణులకు ఇది వాడరు. పుట్టిన బిడ్డలో కామెర్లు మెదడుకు ఎక్కే ప్రమాదం ఉంది. పాలిచ్చే తల్లులు కూడా అడిగి వాడాలి. జీ సిక్స్ పీడీ అనే పదార్థం రక్తంలో తక్కువగా ఉండే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. మన దేశంలో కొన్ని గిరిజన సముదాయాల్లో ఈ లోపం ఎక్కువ. వాళ్ళకు ఈ మందు ఎక్కువ మేర పూస్తే రక్తకణాలు విరిగిపోతాయి. మూత్రం నల్లటి టీలా వస్తే, కళ్ళు పచ్చబడితే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. మూత్రపిండాలు, కాలేయం జబ్బు ఉన్నవాళ్ళూ ముందుగా చెప్పాలి. మొహానికి సాధారణంగా ఇది పూయరు. కళ్ళలో పడకూడదు, పైగా చర్మం మీద బూడిదరంగు మచ్చ ఉండిపోవచ్చు. పెద్ద గాయాలకు వాడేటప్పుడు తెల్ల రక్తకణాలు తగ్గుతాయేమోనని ఆసుపత్రిలో రక్తం పరీక్షిస్తారు. "ఊరికే గుచ్చుతున్నారు" అని విసుక్కోకండి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. చిన్నపాటి, పైపైన కాలిన గాయానికి ఈ మలాము నిజంగా అవసరమా అంటే, ఇప్పటి వైద్యుల్లో చాలామంది అవసరం లేదనే అంటున్నారు. 2013లో వచ్చిన కొక్రేన్ సమీక్షలో అనేక పరీక్షల్ని పక్కపక్కన పెట్టి చూశారు. పైపైన, మధ్యరకం లోతున కాలిన గాయాలు ఈ మలాముతో కంటే కొన్ని కొత్తరకం కట్లతో త్వరగా మానినట్టు కనబడింది. పైగా ఆ కట్లను రోజూ మార్చనక్కరలేదు, నొప్పీ తక్కువ. అలాంటివి దొరకకపోతే చిన్న గాయానికి వాజలీన్ రాసిన గాజుగుడ్డ కూడా సరిపోతుంది. బండి సైలెన్సరు తగిలి పిక్క మీద రూపాయంత కాలిన దానికి తెల్ల మలాము పది రోజులు పూస్తే మేలు కంటే ఆలస్యమే ఎక్కువ. దీని చోటు లోతైన గాయాలు, సూక్ష్మజీవుల భయం ఉన్న గాయాలు. అది తేల్చవలసింది గాయాన్ని చూసిన డాక్టరే గాని, మందుల కొట్టువాడు కాదు. కొట్టువాడు ఇచ్చే కొన్ని ట్యూబుల్లో క్లోబెటసాల్, బెటామెథసోన్ అనే స్టిరాయిడ్ మందులు కూడా కలిసి ఉంటాయి. అవి తామరకని, దురదకని జనం కొనేవి. వాటిని కాలిన పుండు మీద పెడితే మానే శక్తినే చంపుతాయి. పేరు చదివి చూడండి, రాకపోతే చదివించుకోండి.

జ్వరం వచ్చినా, గాయం చుట్టూ ఎర్రదనం పాకుతున్నా, వాసన, పచ్చటి ఊట కనబడినా, తగ్గిన నొప్పి మళ్ళీ పెరిగినా కట్టు మార్చే రోజుకోసం ఆగకండి. మూడు వారాలు గడిచినా మానకపోతే మలాము పని అయిపోయినట్టే. చర్మం అతికించవలసి ఉంటుందేమో చూపించుకోవాలి. ఆలస్యమైతే మచ్చ గట్టిపడి కీలు ముడుచుకుపోతుంది. డాక్టరు చెప్పినట్టు రోజూ చెయ్యి చాపించాలి, ముడిపించాలి. పిల్లలు ఏడుస్తారు. ఏడిచినా చేయించాలి.

తిండి విషయంలో మన పెద్దవాళ్ళు పుండు ఉన్నవాళ్ళకు పప్పు, గుడ్డు మాన్పిస్తారు, చీము పడుతుందని. చీము తిండితో రాదండి. కొత్త చర్మం పుట్టేది మాంసకృత్తులతోనే. పప్పు, గుడ్డు, పాలు, వేరుశనగ, తినేవాళ్ళకు చేప, ఇవన్నీ మామూలు కంటే ఎక్కువే పెట్టండి. కారం రసంతో చారెడు అన్నం పెట్టి పథ్యం అనడం కాలినవాళ్ళకు చేసే అన్యాయం.

గాయం మూసుకుని లేత గులాబీరంగు చర్మం వచ్చాక మలాము ఆపెయ్యాలి. కొబ్బరినూనె సమయం అప్పుడు వస్తుంది. కొత్త చర్మానికి చెమ్మ ఉండదు, పగులుతుంది, దురదపెడుతుంది. శుభ్రమైన నూనె వేలికొసలతో రోజుకు రెండుమూడుసార్లు మెల్లగా మర్దనా చేయండి. కొన్ని నెలలపాటు ఎండ తగలకుండా పొడుగు చేతుల చొక్కా వేయండి. మిగిలిన ట్యూబు సంగతి అంటారా, మూత తీసి చాలాకాలమైనదీ, గడువు దాటినదీ పారెయ్యండి.